తొమ్మిదో నెంబరు పంట

నీలవేణి తాను తయారుచేసిన పెట్టెకు ‘దర్శిని’ అని పేరు పెట్టింది. షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళు మాత్రం దాన్ని ‘జోస్యం పెట్టె’ అనేవాళ్ళు. ఆ మాట చెవినబడినప్పుడల్లా ఆమె నవ్వుకునేది.

పెట్టె టిఫిన్ క్యారియరంత ఉంటుంది. టమోటా నారు రెండాకులు వెయ్యగానే ఒక ఆకు అంచు గోరంత గిల్లి అందులో పెడితే, పదకొండు నిమిషాల్లో ఒక అంకె చూపిస్తుంది. ఆ మొక్క పెరిగి పెద్దదైతే నూటికి ఎన్ని పాళ్ళు కాయగలదో చెప్పే అంకె అది. అంతవరకూ ఆ సంగతి తెలియాలంటే మొక్కను నాటి, కట్టె పాతి, తీగకు కట్టి, మూడు నెలలు కాపాడి, కాయలు కోసి తూచాల్సిందే. ఒకే కాయలో పుట్టిన గింజలైనా ఏ రెండూ ఒక్కలా కాయవు. ఒకటి గుత్తులు గుత్తులుగా దిగుతుంది, దాని పక్కదే ఆకులు పెంచుకుని కూర్చుంటుంది. ఆ తేడాను పుట్టుకలోనే చదివేసే పెట్టె నీలవేణిది.

మొదటి పరీక్ష రోజున ఒక్క కాయ కోసి, అందులోని నూట నలభై గింజలు మొలకెత్తించి, పెట్టె మెచ్చిన ఆరింటిని ఉంచి మిగతావి పీకేయమంది. పీకడానికి వచ్చింది ఆమె సొంత అక్క రెడ్డెమ్మ.

“ఒగ పూత గూడా సూడకుండానే పీకెయ్యమంటే ఎట్ల మే? ఇవీ ఆ తల్లి బిడ్డలే గదా?” అంది రెడ్డెమ్మ నారు చేత్తో పట్టుకుని.

“బిడ్డలే గానీ అన్నిటికీ ఒకే గుణం రాదు కదక్కా. నీళ్ళు దండగ.”

రెడ్డెమ్మ పీకేసింది. ఆ ఆరు మొక్కల సంతానం నాలుగో తరానికల్లా ఆ జిల్లాలో ఎవరూ చూడనంత కాపు కాసింది. ఢిల్లీలో దర్శినికి బంగారు పతకం ఇచ్చారు.

త్రిపర్ణ సీడ్స్ వారి పరిశోధన క్షేత్రం మదనపల్లెకు ఇరవై కిలోమీటర్ల దూరంలో గుట్టల నడుమ ఉంది. మదనపల్లె చల్లటి ఊరన్న మాట తాతల కాలంతోనే పోయింది. ఇప్పుడక్కడ శివరాత్రి దాటితే చాలు, నలభై డిగ్రీలు. అందుకని మొక్కలన్నీ నీడవలల కింద, మంచులా నీళ్ళు చిమ్మే గొట్టాల కింద పెరుగుతాయి. అలాంటి షెడ్లు ఏడు. వాటిలో క్రాసింగ్ పని చేసే ఆడవాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది.

రెడ్డెమ్మ ఆ పనికి వచ్చి ముప్పై ఏళ్ళయింది. తల్లి పోయిన ఏడాది, పదిహేనేళ్ళ వయసులో, గుట్టకిందపల్లె నుంచి నాలుగేళ్ళ చెల్లెల్ని చంకనెత్తుకుని వచ్చి బెడ్ల మధ్య గోనెపట్టా మీద కూర్చోబెట్టింది. చెల్లెలు ఆ పట్టా మీదే అక్షరాలు నేర్చుకుంది. తిరుపతిలో వ్యవసాయ కాలేజీకి, అక్కణ్ణుంచి డాక్టరేటుకు వెళ్ళి, చివరికి అదే కంపెనీకి సైంటిస్టుగా తిరిగొచ్చింది. అక్క మాత్రం అదే షెడ్డులో ఉండిపోయింది.

ఆ పని చూసినవాళ్ళకి గానీ దాని కష్టం తెలీదు. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే మొగ్గని వెతికి పట్టుకోవాలి. సన్నటి పట్టకారుతో రేకులు విప్పి, లోపలున్న పసుపుపచ్చని గొట్టాన్ని, అంటే పువ్వులోని మగభాగాన్ని, నడిమి ఆడభాగమైన కీలం తెగకుండా ఊడబెరకాలి. తెల్లవారి వేరే రకం పువ్వు పొడిని ఆ కీలం కొసకి అద్దాలి. అద్దినట్టు గుర్తుగా పువ్వు కింది పచ్చరేకులు రెండు కత్తిరించాలి. ఆ ఎండలకి ఆ ఒక్క పూట తప్పిందంటే పువ్వు రాలిపోతుంది. హైబ్రిడ్ గింజ పుట్టేది ఇలాగే. కంపెనీ ఎన్ని యంత్రాలు తెప్పించినా, వెంట్రుకంత కీలాన్ని విరవకుండా ముట్టుకోగలిగింది ఈ ఆడవాళ్ళ వేళ్ళే. ఆ వేళ్ళకి కంపెనీ పొడి ఉంగరాలు తొడిగింది. ఉంగరం గిన్నెలో పుప్పొడి ఉంటుంది, ఎన్ని పూలకు అద్దారో అదే లెక్కపెట్టి ఆఫీసుకు పంపుతుంది. వాటిలో ఎన్ని కాయలయ్యాయో మనిషి మనిషికీ అక్కడ రాసుకుంటారు.

ఆ ఏడాది ఫాల్గుణమాసంలో ఒక ఆదివారం నీలవేణి అక్క ఇంటికి వెళ్ళింది. ఎప్పుడూ గుమ్మంలోనే ఎదురొచ్చే రెడ్డెమ్మ లోపల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో రెండు కార్డులున్నాయి.

“ఈ పొద్దు పొద్దన్నే సూపర్వైజరు వచ్చి ఇంటింటికీ ఇచ్చిపోయినాడు. నాకు ఎర్రది. ధరణికి పచ్చది.”

నీలవేణి ఎర్ర కార్డు తీసుకుంది. రెడ్డెమ్మ ఫొటో. దాని కింద ‘సహజ సామర్థ్య సూచిక: 31’ అని పెద్ద అంకె. ఆ కింద సన్నటి అక్షరాల్లో ‘ఈ సీజన్ ముగిశాక సేవలు అవసరం లేదు.’

పచ్చ కార్డు ధరణిది. రెడ్డెమ్మ కూతురు, తొమ్మిదో తరగతి. దాని మీద 84. చదువు ఖర్చులు కంపెనీ భరిస్తుందనీ, పద్దెనిమిదేళ్ళు నిండగానే పన్నెండేళ్ళు క్రాసింగ్ పనికి రావాలనీ, తల్లి సంతకం పెట్టాలనీ ఉంది.

“నేను క్రాసింగ్ పనికి పోను చిన్నమ్మా,” అంది ధరణి వంటింటి గుమ్మంలోంచి. “నాకు లెక్కలొస్తాయి.”

“ఈ అంకెలు ఎక్కడివక్కా?” అంది నీలవేణి.

“నన్నడుగుతావేందే? కార్తీకంలో క్యాంపు పెట్టలా? రగతం తక్కువుండాదేమో సూస్తామని సెప్పి అందురినీ సిన్న గొట్టాల్లో ఉమ్మెయ్యమన్నారు. ఇస్కూల్లో పిల్లోళ్ళతో గూడా ఉమ్మిచ్చినారంట.” రెడ్డెమ్మ రెండు చేతులూ చాచింది. పచ్చటి పసరు గోళ్ళలోకి ఇంకిపోయిన చేతులు. “ముప్పై ఒగటంట మే. ముప్పై ఏండ్లు పూలు ముట్టుకున్న చేతులివి. పాస్ మార్కు గూడా రాలేదంట.”

ఆ కార్డు మీది అంకెలు రాసిన తీరు, అంకె చుట్టూ ఉన్న సన్నటి వలయం నీలవేణికి తెలుసు. అవి ఆమె గీసినవే. దర్శిని తెర మీద టమోటా నారుకు అంకె వచ్చేది అచ్చం ఆ వలయంలోనే.

కానీ ఆ సంగతి అక్కడ అనలేకపోయింది. కాఫీ తాగకుండా లేచి వచ్చేసింది.

సోమవారం ల్యాబు తలుపు వేసుకుని పాత ఫైళ్ళన్నీ తెరిచింది. వంగ, మిరప, బెండ, దోస... అన్నీ పేర్లతో ఉన్నాయి. పేరు లేనిది ఒక్కటే: పంట-9.

ఆ ఫైలు ఆమెకు బాగా గుర్తుంది. మార్గశిరంలో డైరెక్టర్ పరంధామ్ స్వయంగా తెచ్చిచ్చాడు. “కొత్త పంట. పోటీ కంపెనీలు కాచుకుని ఉన్నాయి కాబట్టి పేరు చెప్పలేను. జన్యువుల పట్టికా, దిగుబడి పట్టికా ఉన్నాయి. మీ పెట్టె దీనికి పనికొస్తుందో లేదో చూడండి” అన్నాడు. నాలుగు వందల పన్నెండు మొక్కలు. ఒక్కోదానికీ రోజు దిగుబడి. బెడ్ల పటం ఏదని ఆమె అడిగింది, ఏ మొక్క ఎక్కడ నాటారో తెలియాలి కదా. తర్వాత పంపిస్తామన్నారు. ఢిల్లీ ప్రయాణం దగ్గరపడటంతో ఆమె మళ్ళీ అడగలేదు. లెక్క మాత్రం అద్భుతంగా కుదిరింది. పెట్టె చెప్పిన అంకెకీ, పట్టికలోని దిగుబడికీ అంత పొంతన టమోటాలో కూడా రాలేదు. ఆ రోజు సంతోషంతో క్యాంటీన్లో అందరికీ జిలేబీ పెట్టించింది.

నాలుగు వందల పన్నెండు.

రెండు వందల పదిహేడో వరుస దగ్గర ఆమె వేలు ఆగింది. సూచిక 31. ‘సీజన్లు’ అని ఉన్న గడిలో ముప్పై, అక్క ఈ పనికి వచ్చిన ఏళ్ళు.

చివరి పేజీలో ఆమె రాసిన నివేదిక ఉంది. కింద ఆమె సంతకం ఉంది. ‘తక్కువ దిగుబడి ఇచ్చేవాటిలో అత్యధికం ఒకే వంశానికి చెందినవి. వీటిని వచ్చే సీజన్ నుంచి తొలగించడం లాభదాయకం.’

నీలవేణి ఆ వాక్యం వైపు చాలాసేపు చూసింది. మంచి వాక్యం. తడబాటు లేకుండా రాసింది. దాన్ని చదువుతుంటే తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపించింది. తర్వాత, ఎర్ర కార్డులు వచ్చినవాళ్ళ పేర్ల పక్కన ఊళ్ళు రాసుకుంటూ పోయింది. అరవై మూడు కార్డుల్లో యాభై ఎనిమిది గుట్టకిందపల్లెవి.

ఉష్ణమాపకం చేత్తో పట్టుకుని షెడ్లకి వెళ్ళింది. పదకొండు గంటలు. రెండో షెడ్డులో ముప్పై ఒకటి. నాలుగులో ముప్పై రెండు. పడమటి కొసన, ఎదురుగా బండరాయి గుట్ట సెగ కొట్టే ఏడో షెడ్డులో నలభై ఒకటి. అక్కడ నీళ్ళు చిమ్మే గొట్టం చివరి కొస కాబట్టి ఆవిరి తప్ప నీళ్ళు రావు. గుట్టకిందపల్లె వాళ్ళంతా పనిచేసేది అక్కడే.

టమోటా పుప్పొడి ముప్పై ఐదు దాటితే చచ్చిపోతుందని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. చచ్చిన పొడిని ఎంత నేర్పుగా అద్దినా కాయ దిగదు.

“వీళ్ళని ఎప్పుడూ ఈ షెడ్డులోనే ఎందుకు పెడతారు?” అని సూపర్వైజర్ని అడిగింది.

అతను ఇబ్బందిగా నవ్వాడు. “మొదట్నించీ అంతే మేడమ్. వేరే ఊళ్ళ వాళ్ళతో కలిపితే కుండ దగ్గర గొడవలు. మీకు తెలీందేముంది?”

తెలుసు. ఆమె పుట్టిన ఊరు అది. ఆ గోనెపట్టా పరిచింది ఈ షెడ్డులోనే. చిన్నప్పుడు రెండో షెడ్డు కుండలో నీళ్ళు ముంచుకుంటే ఎవరో ఆమె చేతిలోంచి లోటా లాక్కున్నారు. ఇరవై ఏళ్ళకు పైగా చదివి, ఆ సంగతి తెలియని పెట్టెను తయారుచేసి, దానికి తన కళ్ళకంటే ఎక్కువ చూపుందని నమ్మింది.

పరంధామ్ గదిలో ఏసీ చలికి ఆమె ఒంటి మీది చెమట చల్లబడింది గానీ లోపలి మంట తగ్గలేదు. పరంధామ్ హైదరాబాదు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఎవరినీ నువ్వు అనడు.

“పంట తొమ్మిది మనుషులు,” అంది ఆమె నిలబడే.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “కూర్చోండి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీ చెయ్యి వణికేది. ఏది ఏ రకమో తెలియకుండా కొలవాలి, అప్పుడే లెక్క నిజాయితీగా ఉంటుందని మీరే కదా అంటారు? ఆకైతేనేం, ఉమ్మైతేనేం? లోపలున్నవి ఆ నాలుగు జన్యు అక్షరాలే.”

“ఆకుల్ని నేను బెడ్లు మార్చి మార్చి నాటుతాను సార్. ఒక రకాన్నంతా చౌడుమడిలో పెట్టి, కాయలేదని దాని పుట్టుకను తిట్టను. మీరేం చేశారు? ఒక ఊరివాళ్ళని ముప్పై ఏళ్ళు పొయ్యిలాంటి షెడ్డులో పెట్టారు. వాళ్ళంతా ఒకరికొకరు చుట్టాలు. వాళ్ళ రక్తంలో ఒకే గుర్తులుంటాయి. ఆ గుర్తులున్నచోట కాయ తక్కువని పెట్టె నేర్చుకుంది. కాయ రాలింది ఎండకి. ఆ ఎండను తీసుకెళ్ళి పెట్టె వాళ్ళ పుట్టుకలో రాసింది!”

“పెట్టెకు ఊరూ తెలీదు, కులమూ తెలీదు నీలవేణిగారూ. అదే కదా దాని గొప్పతనం.”

“మా అక్క కూతురు ఇంతవరకు పువ్వు ముట్టుకోలేదు. దానికి ఎనభై నాలుగు ఎలా వచ్చింది? దాని తండ్రి ఊరివాళ్ళది మూడో షెడ్డు, అందుకని. ఆ పిల్లలో మీ పెట్టె మెచ్చుకుంది మూడో షెడ్డు నీడని!”

“మా పెట్టె?” ఆయన మొదటిసారి నవ్వాడు. “నివేదిక కింద సంతకం ఎవరిది? బెడ్ల పటం రాకుండానే సంతకం పెట్టమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చెయ్యలేదు.”

ఆయన చెప్పింది నిజం. దానికే ఆమెకు ఒళ్ళంతా కోపం పాకింది.

“చూడండి,” అన్నాడు ఆయన ఇంకా మెత్తగా. “బట్టల మిల్లులవాళ్ళు అడుగుతున్నారు. రొయ్యల ఫ్యాక్టరీలవాళ్ళు అడుగుతున్నారు. ఈ పెట్టె టమోటా దగ్గర ఆగేది కాదు. మీ అక్కగారి కార్డు విషయం నేను చూసుకుంటాను. ఒక్క కార్డే కదా.”

“ఆ ఒక్క కార్డు మీరే ఉంచుకోండి,” అని తలుపు తీసి బయటికి వచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం ఏడో షెడ్డులో ఆడవాళ్ళు అన్నాలు తింటున్నారు. రాగిసంగటి వాసన, పచ్చి టమోటా ఆకు వాసన కలిసి గాలి బరువుగా ఉంది. నీలవేణి వాళ్ళ మధ్యన నిలబడి, నివేదిక కాగితం తీసి, తాను రాసిన వాక్యం చదివి వినిపించింది. మొక్కలనుకుని రాశానని చెప్పింది. అడగాల్సిన ప్రశ్న అడగలేదని కూడా చెప్పింది. ఎండ సంగతి, ఉమ్మి సంగతి, పెట్టె ఎలా తప్పు నేర్చుకుందో విడమరచి చెప్పింది.

రెడ్డెమ్మ గిన్నె పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది. లేచి వచ్చి చెల్లెలి ముందర నిలబడింది.

“తొలగించడం లాబం అని రాసినావా?”

“రాసినాను.”

“టమోటా గింజలనుకోని రాసినావు.”

“అవునక్కా.”

“సరే. నూట నలబై నారులో నూట ముప్పై నాలుగు పీకిచ్చినావే, నాతోనే. ఆ పొద్దే అనిపించింది నాకు, ఈ బిడ్డకు పీకే సెయ్యి వచ్చేసింది అని. అంకె సూసి పీకడం మరిగినోళ్ళకు ఏదైతే ఏమి? ఈ పొద్దు గింజ, రేపు మనిసి.” ఆమె గొంతు పెద్దదవుతోంది. “నిన్ను ఈ షెడ్డులో పెంచినాను నేను! ఈ ఎండలో! మొగ్గలు వాడిపోతాంటే, నువ్వు గుక్కపట్టి ఏడుస్తాంటే, ఒగ సేత్తో నీకు నీళ్ళు తాపి ఇంగో సేత్తో పొడి అద్దినాను. నా దిగుబడి తగ్గింది ఆడ! నీ పెట్టెకు అది తెలుసునా?”

నీలవేణి చేతిలోని కాగితం మడిచింది.

“పో ఈడ్నించి,” అంది రెడ్డెమ్మ. “నాకు కనబడాకు.”

నీలవేణి షెడ్డు గుమ్మం దాకా వెళ్ళింది. వెనక నుంచి రెడ్డెమ్మ గొంతే మళ్ళీ వినిపించింది, ఈసారి తనతో కాదు, మిగతావాళ్ళతో.

“బుదవారమే గదా పెద్దపూత? ఏడు షెడ్లలో ఎన్ని మొగ్గలుంటాయి?”

“లచ్చకు పైనే ఉంటాయి అక్కా,” అంది ఎవరో.

“బుదవారం మాపటేళ అన్నీ ఇప్పుదాము. ఒగటి గూడా వదలాకండి. శుబ్బరంగా ఇప్పుదాము. బేస్తవారం పొద్దన్న ఒగురూ రావద్దు.”

పసుపు గొట్టం తీసేసిన పువ్వు తనంతట తాను కాయ కాయలేదు. పొడి అద్దేవాళ్ళు లేకపోతే ఎండిపోవడం ఒక్కటే దాని దారి. ఆ సంగతి తెలుసుకోవడానికి ఏ డాక్టరేటూ అక్కర్లేదు.

ఏడో షెడ్డు మాత్రమే ఆగితే సరిపోదు. ఆ సాయంత్రం రెడ్డెమ్మ రెండో షెడ్డు సరోజమ్మ ఇంటికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళలో ఆ ఇంటికి వెళ్ళడం అదే మొదలు. సరోజమ్మకు ఎనభై ఎనిమిది వచ్చింది, అన్ని షెడ్లలోకీ పెద్ద అంకె. ఆమె అరుగు మీద కూర్చుని కుడిచేతి బొటనవేలికి వేడి ఉప్పు కాపడం పెట్టుకుంటోంది.

“పచ్చ కార్డని సంబరపడితిని,” అంది సరోజమ్మ. “నిన్నట్నించి గంటకు నూట యాబై పూలు చెయ్యాలంటా ఉండారు. ఇన్నాళ్ళూ తొంబై చేస్తాంటిని. చాతగాదు సామీ అంటే, నీ ఒంట్లో ఉండాదంట, సోమరితనం చేస్తా ఉండావంట. నా కోడలికేమో నలబై వచ్చింది. ఇంట్లో ఇద్దురం మొగాలు సూసుకోలేకుండా ఉండాము.” కాపడం గుడ్డ పక్కన పడేసింది. “బేస్తవారమేనా?”

“బేస్తవారమే.”

“కూచో. కాఫీ తాగిపో.”

గురువారం ఉదయం ఏడు గంటలకు ఏడు షెడ్లూ ఖాళీగా ఉన్నాయి. లక్ష పూలు రేకులు విప్పుకుని, నడుమ పచ్చటి కీలాలు బయటపెట్టుకుని ఎదురు చూస్తున్నాయి. గేటు బయట రోడ్డు వారగా నాలుగు వందల మంది ఆడవాళ్ళు కొంగులు తలమీద వేసుకుని కూర్చున్నారు. నినాదాలేమీ లేవు. ఎర్ర కార్డులూ పచ్చ కార్డులూ ఇనుప గేటు ఊచల మధ్య దోపి ఉన్నాయి.

ఎనిమిదింటికి పరంధామ్ ల్యాబులోకి వచ్చాడు. ఆయన చొక్కా తడిసిపోవడం నీలవేణి అప్పుడే చూసింది.

“పక్క మండలం నుంచి రెండు లారీల మనుషుల్ని రప్పిస్తున్నాం. పని రాకపోయినా ఫరవాలేదు, అద్దడమే కదా. వెనక గేటు నుంచి వస్తారు. పుప్పొడి ఇవ్వండి.”

మగ మొక్కల పుప్పొడి అంతా ఆమె ల్యాబు చలిపెట్టెలో ఉంది. వేలెడంత గొట్టాలు మూడు వందలు. ఆ మగ మొక్కలు పూసే కాలం అయిపోయింది, మళ్ళీ పొడి కావాలంటే వచ్చే సీజన్ దాకా ఆగాలి.

నీలవేణి చలిపెట్టె తెరిచింది. గొట్టాల పళ్ళెం బయటికి తీసి కుళాయి పక్కన పెట్టింది. ఒక్కో మూతా తియ్యడం మొదలుపెట్టింది. మొదటి నాలుగైదు మూతలు తీసేవరకూ ఆయనకు అర్థం కాలేదు.

“ఏం చేస్తున్నారు?”

ఆమె కుళాయి తిప్పింది. పుప్పొడికి ఒక గుణం ఉంది: వట్టి నీళ్ళు తగిలితే చాలు, రేణువు ఉబ్బి పగిలిపోతుంది. సూక్ష్మదర్శిని కింద అది ఎన్నోసార్లు చూసింది. ఇప్పుడు చూడాల్సిన పనిలేదు. పసుపురంగు బురద సింకు గోడల వెంట జారిపోయింది.

“ఇది నేరం!” పరంధామ్ అరిచాడు. ఆ మనిషి అరవడం ఆ క్షేత్రంలో ఎవరూ విని ఉండరు. “మూడేళ్ళ పని నీది! నీ సొంత పని!”

“అవును. అందుకే నా చేత్తోనే పోస్తున్నా.”

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. పళ్ళెం నేలమీద పడి మిగిలిన గొట్టాలు పగిలాయి. ఆ నేలమీదికి జగ్గుడు నీళ్ళు కుమ్మరించి, తన గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టి, ఆమె బయటికి నడిచింది. గేటు దగ్గర ఆడవాళ్ళు దారి ఇచ్చారు గానీ ఎవరూ పలకరించలేదు. రెడ్డెమ్మ ముఖం తిప్పుకుంది. నీలవేణి వాళ్ళకు కాస్త ఎడంగా, రోడ్డు అవతల, మైలురాయి పక్కన ఎండలో కూర్చుంది.

శుక్రవారానికి పూలు వాడాయి. శనివారానికి షెడ్లలో నడిస్తే కాలికింద చప్పుడయ్యేంతగా రాలాయి. ఆ ఏడాది త్రిపర్ణ సీడ్స్‌కు హైబ్రిడ్ గింజ ఒక్క సంచి కూడా రాలేదు.

తరువాతి సంగతులు అంత తొందరగా జరగలేదు. కంపెనీ కార్డులు వెనక్కి తీసుకుంది గానీ తప్పు చేశామని ఎక్కడా ఒప్పుకోలేదు. నీలవేణి మీద కేసు పెట్టింది. క్వార్టర్సు ఖాళీ చేయించింది. ఆమె మదనపల్లెలో ఒక గది అద్దెకు తీసుకుని, ఉద్యోగం లేక, రోజంతా కూర్చుని లెక్కలు తిరగరాసింది. ఈసారి ప్రతి పేరు పక్కనా షెడ్డు నెంబరు రాసింది, షెడ్డు వేడి రాసింది. ఆ రెండూ కలిపి చూస్తే గుట్టకిందపల్లె వంశం తాలూకు లోపం ఎక్కడా మిగల్లేదు. పైగా అంత ఎండలో అన్ని కాయలు దించినవాళ్ళు ఆ నాలుగు వందల మందిలో ఇంకెవరూ లేరు. ఆ కాగితాలు పట్టుకుని గుట్టకిందపల్లెకు రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ ధరణి తలుపు తీసి, “అమ్మ లేదు చిన్నమ్మా” అంది. లోపల గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ కార్డుల మీద ఆడవాళ్ళు పెట్టిన అర్జీకి వైశాఖంలో విచారణ మొదలైంది. మదనపల్లెలో ఒక ప్రభుత్వ భవనం మేడమీద ఇరుకు గది, మూడు ఫ్యాన్లు, వాటిలో తిరిగేది ఒకటి. కార్మికుల తరఫున రెడ్డెమ్మ, సరోజమ్మ, మరో పదిమంది వచ్చారు. కంపెనీ తరఫున ఇద్దరు వకీళ్ళు వచ్చారు. వాళ్ళ వాదన చిన్నదే. ఆ కార్డులు సలహాలు మాత్రమే. శాస్త్రపరంగా వాటిని తప్పు పట్టగలిగినవాళ్ళు ఎవరున్నారు?

“ఉన్నాను,” అంది నీలవేణి వెనక బెంచీ నుంచి లేచి. ఆమె వస్తుందని ఎవరికీ తెలీదు.

వకీలు వెంటనే లేచాడు. “ఈమె మీద మేము పెట్టిన కేసు నడుస్తోంది. పైగా ఈ నివేదిక రాసింది ఈమే. ఈమె మాటకు విలువేమిటి?”

“నివేదిక రాసింది నేనే,” అంది నీలవేణి. “చదివి వినిపిస్తాను. అది ఎందుకు అబద్ధమో కూడా చెబుతాను. ముందు నా తప్పు రాసుకోండి, ఆ తర్వాత వాళ్ళది రాసుకోండి.”

విచారణాధికారి మధ్యవయసు మనిషి, పొద్దుట్నించీ విసుగ్గా ఉన్నవాడు, కలం ఆపి ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత అర్జీలో మొదటి పేరు ఎవరిదో చూసి రెడ్డెమ్మ వైపు తిరిగాడు.

“ఏమ్మా, మీ పుట్టింటి పేరూ ఈమె ఇంటిపేరూ ఒకటే కనిపిస్తోంది. ఈమె మీకేమవుతుంది?”

రెడ్డెమ్మ చెల్లెలి వైపు చూడలేదు. పసరు దిగని వేళ్ళతో కొంగు బిగించి పట్టుకుని, ఎదురుగా ఉన్న గోడనే చూసింది.

“ఏమైతాదో మేము ఇంటికి పోయినాక తేల్చుకుంటాము సార్,” అంది. “ముందు ఆ యమ్మ సెప్పేది రాసుకోండి.”